రోజ్‌బడ్ ఆసుపత్రి: ఏడు నెలలు మూసిన తలుపు, 1868 నాటి మాట

ప్రతి ఏడాది ఆగస్టు 9న మనం జెండా ఎగరేస్తాం. థింసా ఆడతాం, రేల పాటలు పాడతాం, వీరులకు జోహార్లు అర్పిస్తాం. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1982 ఆగస్టు 9న జెనీవాలో, మూలవాసీ ప్రజల సమస్యలను చర్చించడానికి ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన కార్యవర్గం తొలిసారి సమావేశమైంది. 1994 డిసెంబరులో ఆ తేదీని అంతర్జాతీయ దినంగా ప్రకటించారు. అంటే ఈ పండుగ మన కొండలది మాత్రమే కాదు. సముద్రాల అవతల ఉన్న మన దూరపు చుట్టాలది కూడా.

అందుకే ఈ సంచికలో ఆ చుట్టాల కథ ఒకటి చెప్పాలనుకున్నాను. ఇది యుద్ధం కథ కాదు, ఒక ఆసుపత్రి కథ. చదివాక మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైపు మీరు కొత్త కళ్ళతో చూస్తారని నా ఆశ.

భూమికి బదులుగా రాయించుకున్న మాట

అమెరికాలో దక్షిణ డకోటా అనే రాష్ట్రం ఉంది. అక్కడి గడ్డి మైదానాల్లో లకోటా జాతికి చెందిన సిచాంగు తెగ నివసిస్తోంది. వారి ప్రాంతం పేరు రోజ్‌బడ్ రిజర్వేషన్. రిజర్వేషన్ అనగానే మనకు చదువుల్లో, ఉద్యోగాల్లో కోటా గుర్తుకొస్తుంది. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. ఒకప్పుడు తమదైన విశాలమైన నేలలో చివరికి తెగకు మిగిల్చిన భాగాన్ని రిజర్వేషన్ అంటారు.

1866 నుంచి 1868 వరకు లకోటాలు, వారి మిత్ర తెగలు అమెరికా సైన్యంతో పోరాడాయి. బంగారు గనులకు పోయే తెల్లవారి కోసం తమ వేట భూముల మీదుగా వేసిన దారి, దాని పక్కన కట్టిన సైనిక కోటలు ఆ పోరాటానికి కారణం. ఆ యుద్ధంలో వెనక్కి తగ్గింది సైన్యమే. కోటలు ఖాళీ చేయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 1868లో లారమీ కోట దగ్గర ఒప్పందం కుదిరింది. ఏప్రిల్ 29న సంతకం పెట్టినవారిలో సిచాంగు పెద్ద సింతె గ్లెస్కా ఉన్నాడు. ఇంగ్లీషువారు ఆయన్ని స్పాటెడ్ టెయిల్ అన్నారు.

ఆ ఒప్పందంలో లకోటాలు చాలా వదులుకున్నారు. మిస్సోరీ నదికి పడమరన గీసిన హద్దు లోపల ఉండటానికి ఒప్పుకున్నారు. హద్దు బయటి భూముల్లో స్థిర నివాసం మీద హక్కు వదులుకుని, వేట హక్కు మాత్రం ఉంచుకున్నారు. అందుకు బదులుగా ప్రభుత్వం కొన్ని మాటలు రాసి ఇచ్చింది. ఏటా ఒక వైద్యుణ్ణి, ఉపాధ్యాయులను, వడ్రంగిని, కమ్మరులను సమకూరుస్తామని 13వ అధికరణంలో రాశారు. వైద్యుడు ఉండటానికి ఇల్లు కట్టిస్తామని, దానికి 3,000 డాలర్లు మించకుండా ఖర్చు పెడతామని 4వ అధికరణంలో రాశారు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ వైద్యుడు దానం కాదు, దయ కాదు, సంక్షేమ పథకమూ కాదు. అతను ఒక బేరంలో భాగం. ఇచ్చిన భూమికి రావలసిన బాకీ. ఈ కథ మొత్తం ఆ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

మాట పలచబడిన తీరు

ఒప్పందం మీద సిరా ఆరీ ఆరకముందే బ్లాక్ హిల్స్ కొండల్లో బంగారం బయటపడింది. అది 1874. ఆ కొండలు లకోటాలకు పవిత్రమైనవి. ఒప్పందం ప్రకారం వారివే. వయోజన పురుషుల్లో నాలుగింట మూడొంతుల మంది సంతకం పెడితే తప్ప భూమి ఇవ్వడం చెల్లదని కూడా అందులో రాసి ఉంది. అయినా 1877లో ప్రభుత్వం చట్టం చేసి కొండలను తీసేసుకుంది. 1889లో మిగిలిన నేలను ముక్కలు చేసి వేరువేరు రిజర్వేషన్లుగా విడగొట్టింది. రోజ్‌బడ్ అలా మిగిలిన ముక్కల్లో ఒకటి.

ఆ కొండలను తీసుకోవడం పరిహారం చెల్లించవలసిన ఆక్రమణేనని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్లకు పైగా లెక్క తేలింది. లకోటా తెగలు ఆ డబ్బు ముట్టుకోలేదు. తమకు కావలసింది కొండలేనన్నారు. ఈనాటికీ అదే మాట మీద ఉన్నారు.

భూమి పోయింది సరే, వైద్యం మాటేమిటి? 1921లో స్నైడర్ చట్టం మూలవాసుల ఆరోగ్యానికి నిధులు ఖర్చు పెట్టే అధికారం ఇచ్చింది. 1955లో ఈ బాధ్యతను కేంద్ర ప్రజారోగ్య శాఖకు అప్పగించారు. అలా ఇండియన్ హెల్త్ సర్వీస్ అనే సంస్థ ఏర్పడింది. 1976లో మూలవాసుల ఆరోగ్యం మెరుగుపరచడానికి ప్రత్యేక చట్టం వచ్చింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. డబ్బు దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. 2017 లెక్కల ప్రకారం ఈ సంస్థ ఒక్కో మనిషి మీద పెట్టిన ఖర్చు 4,078 డాలర్లు. పేదలకు ఉన్న మెడికెయిడ్ పథకంలో అది 8,109. మాజీ సైనికుల వైద్యంలో 10,692. ప్రధానంగా వృద్ధులకు ఉన్న మెడికేర్‌లో 13,185. దేశమూ ఒకటే, ఖజానా ఒకటే. ముందుగా మాట ఇచ్చింది ఎవరికో వారికే అందరికన్నా తక్కువ అందింది.

ఆసుపత్రి ఒక్కరోజులో మూతపడదు

రోజ్‌బడ్‌లో ఈ సంస్థ నడిపే ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల వేలాది మందికి అదే దిక్కు. అది మూతపడిన తేదీని చరిత్ర 2015 డిసెంబరు 5 అని రాసుకుంది. నిజానికి ఏ ఆసుపత్రీ ఒక్కరోజులో మూతపడదు. ముందు డాక్టర్ల పోస్టులు ఖాళీ అవుతాయి. వాటిలోకి కొన్నాళ్ళకు వచ్చి వెళ్ళిపోయే తాత్కాలిక డాక్టర్లు వస్తారు. నడిపించే అధికారులు తరచూ మారిపోతుంటారు. ఒక యంత్రం పాడవుతుంది, దాన్ని బాగు చేయించాలని ఎవరికీ పట్టదు. జనం గొణుక్కుంటారు కానీ అలవాటు పడిపోతారు. ఆఖరున ఒకరోజు తలుపు మూస్తారు. అప్పటికి లోపల మూతపడటానికి పెద్దగా ఏమీ మిగిలి ఉండదు.

రోజ్‌బడ్‌లో అదే జరిగింది. 2015 నవంబరులో, మెడికేర్, మెడికెయిడ్ డబ్బు చెల్లించే కేంద్ర సంస్థ తనిఖీకి వచ్చింది. అత్యవసర విభాగంలో పరిస్థితి రోగుల ప్రాణాలకు తక్షణ ప్రమాదంగా ఉందని తేల్చింది. శస్త్రచికిత్స పరికరాలను శుద్ధి చేసే యంత్రం పాడైతే నెలల తరబడి వాటిని చేత్తో కడిగిన సంగతి, నెలలు నిండని బిడ్డ స్నానాల గది నేల మీద పుట్టిన సంగతి అప్పట్లో బయటికి వచ్చాయి. 2016 ఫిబ్రవరిలో అమెరికా సెనేట్‌లో మూలవాసుల వ్యవహారాల కమిటీ ఈ ప్రాంతపు ఆసుపత్రుల మీద విచారణ జరిపింది. తెగల పెద్దలు రాజధానికి వెళ్ళి తమ వాళ్ళకు జరిగింది చెప్పారు.

తప్పు తేలిన చోట ఏం చేయాలి? దిద్దాలి. డాక్టర్లను తేవాలి, యంత్రాన్ని బాగు చేయాలి. ఇక్కడ మాత్రం తగినంత సిబ్బంది లేరని డిసెంబరు 5న అత్యవసర విభాగాన్నే ఆపేశారు. వచ్చే రోగులను వేరే ఊళ్ళకు మళ్ళించారు.

ఆ ఏడు నెలలు

దగ్గరి ఆసుపత్రులు రెండు. ఒకటి అదే రాష్ట్రంలో విన్నర్ అనే ఊళ్ళో, ఇంకొకటి పక్క రాష్ట్రం నెబ్రాస్కాలో వాలెంటైన్ అనే ఊళ్ళో. రెండూ సుమారు 50 మైళ్ళ దూరం, అంటే మన లెక్కలో 80 కిలోమీటర్లు. డిసెంబరులో ఆ మైదానాల మీద మంచు కురుస్తుంది, ఈదురుగాలి వీస్తుంది. గుండె పట్టేసినవాళ్ళను, నొప్పులు పడే ఆడవాళ్ళను, ప్రమాదాల్లో నెత్తురోడుతున్నవాళ్ళను తెగ నడిపే అంబులెన్సులు ఆ రోడ్ల మీద మోశాయి. ఒక బండి ఒకరిని తీసుకుపోయి తిరిగొచ్చేదాకా రెండోవారు కాచుకోవాలి. అవతల ఆ రెండు చిన్న ఆసుపత్రులు కూడా వచ్చిపడిన రోగులతో సతమతమయ్యాయి.

ఆ ప్రయాణాల్లో తొమ్మిది మంది చనిపోయారని, అయిదుగురు బిడ్డలు అంబులెన్సులోనే పుట్టారని తెగ తరఫువారు లెక్క చెప్పారు.

ఏజెన్సీలో పెరిగిన మనకు ఆ ప్రయాణం ఎలాంటిదో ఎవరూ వివరించనక్కర్లేదు. వాళ్ళకు మంచు రోడ్డు, మనకు వాగు. వాళ్ళకు అంబులెన్సు, మనకు రెండు కర్రలకు దుప్పటి కట్టిన డోలీ. డోలీ మోసినవాళ్ళ భుజాలకు తెలుసు, దూరం కిలోమీటర్లలో ఉండదని. అది మోస్తున్న మనిషి ఊపిరిలో ఉంటుంది.

2016 జులై 15న అత్యవసర విభాగాన్ని మళ్ళీ తెరిచారు. ఏడు నెలల పది రోజులు గడిచాయి.

పాత కాగితం కోర్టుకు వెళ్ళింది

తలుపు తెరిచేదాకా తెగ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2016 ఏప్రిల్‌లోనే కేంద్ర ప్రభుత్వం మీద దావా వేసింది. వారి ప్రధాన ఆధారం 1868 నాటి ఒప్పందం. తాతల తాతలు సంతకం పెట్టిన ఆ కాగితాన్ని మనవలు న్యాయస్థానం ముందు పరిచారు.

కోర్టు బలవంతంగా అమలు చేయించదగిన బాధ్యత ఏదీ తమ మీద లేదని ప్రభుత్వం వాదించింది. తెగల ఒప్పందాల విషయంలో అమెరికా న్యాయస్థానాలకు పాత సూత్రం ఒకటి ఉంది. ఒప్పందంలోని మాటలను, సంతకం పెట్టిన రోజున తెగ పెద్దలు ఎలా అర్థం చేసుకున్నారో అలాగే చదవాలి. మరి వైద్యుణ్ణి ఇస్తామంటే ఆనాటి పెద్దలు ఏమని అర్థం చేసుకుని ఉంటారు? పేరుకు ఒక మనిషి అని కాదు కదా, జబ్బు నయం చేయగలిగినవాడనే కదా.

2020 మార్చిలో దక్షిణ డకోటా జిల్లా న్యాయమూర్తి రొబెర్టో లాంగే తీర్పు ఇచ్చారు. తెగ చేసిన వాదనలన్నీ ఆయన ఒప్పుకోలేదు. కొన్నింటిని కొట్టేశారు. అసలు ప్రశ్న మీద మాత్రం తెగ గెలిచింది. సమర్థమైన, వైద్యుల ఆధ్వర్యంలో నడిచే వైద్య సేవ అందించే బాధ్యత ఒప్పందం వల్ల ప్రభుత్వం మీద ఉందని ఆయన ప్రకటించారు. ప్రభుత్వం పై కోర్టుకు వెళ్ళింది. 2021 ఆగస్టులో ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెబితే మీకు అబద్ధం చెప్పినట్టే. బాధ్యత ఉందని కోర్టు చెప్పింది, ఇన్ని పడకలు పెట్టు, ఇంతమంది డాక్టర్లను వెయ్యి అని ఆదేశించలేదు. తీర్పు రాకముందు, 2018లోనే, అదే అత్యవసర విభాగంలో తనిఖీదారులకు మళ్ళీ ప్రాణాపాయ పరిస్థితులు కనిపించాయి. తీర్పు డాక్టరు కాదు, మందు వెయ్యదు. అయినా ఒక పెద్ద మార్పు వచ్చింది. ఇక ముందు రోజ్‌బడ్ మనిషి ఆసుపత్రి మెట్ల మీద నిలబడి అడిగేటప్పుడు బిచ్చం అడిగినట్టు అడగక్కర్లేదు. బాకీ అడిగినట్టు అడగవచ్చు.

తామే నడపాలనుకున్నవాళ్ళు

కోర్టు ఒక్కటే దారి కాదు. రోజ్‌బడ్‌కు తూర్పున, నెబ్రాస్కాలో ఒమాహా తెగ ఉంది. ఆ తెగలో 1865లో పుట్టిన సుసాన్ లా ఫ్లెష్ పికాట్ చిన్నతనంలో ఒక ముసలమ్మ పక్కన రాత్రంతా కూర్చుంది. ప్రభుత్వ వైద్యుడి కోసం పదేపదే కబురు పంపినా ఆయన రాలేదు. తెల్లారేసరికి ముసలమ్మ చనిపోయింది. ఆ పిల్ల పెరిగి, 1889లో వైద్య పట్టా పుచ్చుకుని, అమెరికా మూలవాసుల్లో తొలి మహిళా వైద్యురాలైంది. తిరిగి తన వాళ్ళ మధ్యకే వచ్చింది. సుమారు 1,200 మంది తెగవారికి, గుర్రం మీదా బండి మీదా తిరుగుతూ, ఒక్కతే వైద్యం చేసింది. విరాళాలు పోగుచేసి 1913లో వాల్ట్‌హిల్ అనే ఊళ్ళో ఆసుపత్రి తెరిపించింది. ప్రభుత్వ ధనం లేకుండా రిజర్వేషన్ మీద లేచిన ఆసుపత్రి అది. రెండేళ్ళకే, 1915లో, ఆమె కన్నుమూసింది. ఆసుపత్రి 1940లలో మూతపడింది. భవనం మాత్రం చారిత్రక కట్టడంగా మిగిలింది. ఒక మనిషి త్యాగంతో ఆసుపత్రి పుడుతుంది. తరాల పాటు నిలవాలంటే దాని వెనుక ఒక వ్యవస్థ ఉండాలి.

ఆ ఒమాహాల పొరుగు తెగ విన్నెబాగో. రెండు తెగలకూ వైద్యం చేసే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఇలాగే చెడి, 2015 జులైలో మెడికేర్ గుర్తింపు పోగొట్టుకుంది. విన్నెబాగోలు వేరే దారి పట్టారు. ప్రభుత్వ సేవలను, వాటికి కేటాయించిన నిధులతో సహా, తెగలే తీసుకుని నడుపుకోవచ్చని 1975లో వచ్చిన స్వయం నిర్ణయాధికార చట్టం చెబుతోంది. దాని ఆధారంగా 2018 జులైలో ఆ ఆసుపత్రిని తెగే తన చేతుల్లోకి తీసుకుంది. పన్నెండు వంశాల ఐక్యత అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. బాకీ వదులుకోలేదు, డబ్బు ప్రభుత్వానిదే. నిర్ణయం మాత్రం తెగది.

మన చేతిలో ఏ కాగితం ఉంది?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. లకోటాలకు ఉన్నట్టు మనకు ఒప్పంద పత్రం లేదు. వారు ఒక జాతిగా మరో ప్రభుత్వంతో సంతకాలు చేశారు. మనం ఈ దేశపు రాజ్యాంగం కింద పౌరులం. కానీ మన చేతులూ ఖాళీ కాదు. మనకు అయిదో షెడ్యూలు ఉంది, భూమి మీద 1/70 చట్టం ఉంది. అనంతగిరి మండలంలోని నిమ్మలపాడు గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో మన పెద్దలకు తెలుసు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదంది. అదీ పాత కాగితం చదివినవాళ్ళు గెలిచిన కేసే.

ఆరోగ్యం విషయంలోనూ రాసి ఉన్న మాటలు ఉన్నాయి. మైదానంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000కే ఒకటి ఉండాలి. ఉపకేంద్రం మైదానంలో 5,000 మందికి, మన దగ్గర 3,000 మందికి. దారులు లేవని, ఇళ్ళు దూరమని, కాబట్టి మనకు ఎక్కువ కావాలని ప్రభుత్వమే ఒప్పుకుని రాసిన లెక్క ఇది. ఇక 1996 నాటి పెసా చట్టం, షెడ్యూల్డు ప్రాంతాల్లో సామాజిక రంగాలన్నిటిలోని సంస్థల మీద, వాటి ఉద్యోగుల మీద అదుపు చేసే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇవ్వాలని చెబుతోంది. ఆసుపత్రి కూడా అలాంటి సంస్థే. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టానికి నియమాలు కూడా వచ్చాయి. మన గ్రామసభల్లో ఎన్నింటిలో ఆరోగ్య కేంద్రం గురించి ఒక్క తీర్మానమైనా జరిగింది? ఈ ప్రశ్న నన్ను నేను కూడా వేసుకుంటున్నాను.

యువతకు ఒక చిన్న పని చెబుతాను. ఈ పండుగ అయ్యాక మీ ఆరోగ్య కేంద్రానికి ఒకసారి జబ్బు లేకుండా వెళ్ళండి. మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని అడగండి. ఏ యంత్రం ఎప్పటి నుంచి పనిచేయడం లేదో రాసుకోండి. రాత్రిపూట కాన్పుకు వచ్చినవారిని ఎక్కడికి పంపుతున్నారో, ఆ దూరమెంతో, బండి ఎంతసేపటికి వస్తుందో తేదీలతో సహా ఒక పుస్తకంలో ఎక్కించండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ పుస్తకం గ్రామసభ ముందు చదవండి. అక్కడ పనిచేసే నర్సమ్మతో, ఆశా కార్యకర్తతో గొడవకు దిగకండి. ఖాళీ పోస్టుల బరువు ముందు మోసేది వాళ్ళే. వాళ్ళను మన వైపు నిలుపుకోండి.

రోజ్‌బడ్‌లో జనం గొణుక్కున్న రోజుల్లోనే ఎవరైనా ఇలా రాసి పెట్టి, పైవాళ్ళు దాన్ని పట్టించుకుని ఉంటే ఆ తొమ్మిది మందిలో కొందరైనా బతికేవారేమో. తలుపు మూసిన తర్వాత పోరాడటం కన్నా, మూతపడటం మొదలైనప్పుడే గుర్తుపట్టడం తేలిక.

సింతె గ్లెస్కా పేరు మీద ఈనాడు రోజ్‌బడ్‌లో తెగ నడిపే విశ్వవిద్యాలయం ఉంది. 1970లో మొదలైంది. ఒప్పందం మీద ఆనాడు గుర్తు పెట్టిన పెద్దాయన పేరున్న బడిలో ఇప్పుడు ఆయన మునిమనవలు ఆ ఒప్పందాన్నే చదువుకుంటున్నారు. మన పెద్దలు కూడా మన కోసం చాలా రాయించి వెళ్ళారు. కొందరు దాని కోసం ప్రాణాలే ఇచ్చారు. వాళ్ళకు మనం అర్పించే జోహారు, ఆ రాతను చదవడంతో మొదలవ్వాలి.

జోహార్ ఆదివాసీ అమరవీరులకు.